తువ్వాలు కింద మాట

కంప్యూటర్ బిగించడం ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే పన్నెండుంబావుకి పూర్తయింది. అందులో అరగంట మంచం కిందికి దొర్లిపోయిన ఒక స్క్రూని వెతకడానికే సరిపోయింది. రోహిణి కేబినెట్ మూత బిగించి, చేతులు దులుపుకుని స్విచ్ వేసింది. లోపల ఫ్యాను తిరిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆపరేటింగ్ సిస్టమ్ లేదు అని వాటి సారాంశం.

"ఏందంటది?" అని అడిగింది అంకమ్మ. స్క్రూలు పోసిన స్టీలు పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఆమె పొద్దుట్నుంచి కూతురికి ఒక్కొక్కటీ అందిస్తోంది.

"సామానంతా బానే ఉందమ్మా. దాన్ని నడిపించేది లేదంటంది."

"అంటే బండీ ఎడ్లూ ఉన్నయ్యి, తోలేవోడు లేడు."

"అంతే."

ఎనిమిదేళ్లుగా గుంటూరు ప్రయోగశాలలో పనిచేస్తున్నా రోహిణి ఆ విషయాన్ని అంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయింది.

ఈ బండి ఎవరి కోసమో ఆ మనిషి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రోహిణి తండ్రి మాలకొండయ్య నలభై ఏళ్లు ఒంగోలు చుట్టుపక్కల పశువుల సంతల్లో బేరగాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం తెంచేవాడు. ఎంత బక్కెద్దునైనా ఆయన పొగుడుతుంటే విని, దాని యజమానికే అమ్మబుద్ధి కాక ఇంటికి తోలుకుపోయిన రోజులున్నాయి. అలాంటి మనిషికి పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా ఒకేసారి పడిపోయాయి.

అవునూ కాదూ కూడా నమ్మడానికి లేదు. కాఫీ కావాలా అంటే తలూపుతాడు, వద్దా అన్నా తలూపుతాడు. రెండు చొక్కాలు చూపిస్తే చివర చూపించినదాని మీదికే వేలు పోతుంది. మాటలు లోపల ఉన్నాయనీ, బయటికొచ్చే దారే తెగిందనీ డాక్టర్లు చెప్పారు. ఆ లోపల ఉన్నదేమిటో పద్నాలుగు నెలలుగా ఎవరికీ తెలియలేదు.

రోహిణి పనిచేసే చోట ఆ దారి కోసమే నాడీబోర్డు తయారుచేశారు. తలకి మెత్తటి పట్టీ కడతారు. మాట పుట్టబోయే ముందు మెదడులో కలిగే కదలికని పట్టీ పట్టుకుంటుంది, బోర్డు దాన్ని కంప్యూటర్‌కి అందిస్తుంది, స్పీకరు పలుకుతుంది. కదలిక మాత్రం చాలా బలహీనంగా ఉంటుంది. దాని నుంచి మాట ఎలా తీయాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ పని. ఏ సిస్టమ్ పెట్టుకుంటే మాట ఆ తీరున వస్తుంది.

చిక్కేమిటంటే సిస్టమ్‌ని ఎక్కించడం ఒక్కసారే. ఎక్కించాక మూడు నెలల్లో మెదడు దానికి తగ్గట్టు కొత్త దారి వేసుకుంటుంది. ఆ తర్వాత మారిస్తే ఉన్న దారి తెగుతుంది, ఇంకొకటి పడదు. మొదట్లో ఇది తెలియక, రిటైరైన ఒక పోస్టుమాస్టరమ్మకి ఇంకా మంచిదని అయిదో నెలలో సిస్టమ్ మార్చారు. ఆమె ఇంతవరకూ నోరు విప్పలేదు. ఆ రోజు మార్పు బటన్ నొక్కింది రోహిణే. ప్రయోగశాలలో ఎవరూ ఆమెని ఏమీ అనలేదు, ఆమె మాత్రం తనని తాను ఇంకా క్షమించుకోలేదు.

"మరి తోలటానికి ఎవుర్ని పెడతన్నావు?" అని అడిగింది అంకమ్మ.

"మూడున్నయ్యమ్మా. బోర్డు మీద ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచి ఒక్కోదాన్నీ నాలుగు రోజులు నడిపి చూద్దాం. నాన్నకి నచ్చింది ఎక్కిద్దాం."

"ఆయనకి నచ్చినట్టు మనకెట్టా తెలుస్తది?"

"మాటొస్తది గదా, ఆయనే చెప్తాడు."

చదువుకున్న కూతురు అంత ధీమాగా చెప్పేసరికి అంకమ్మ సరేననుకుంది.

మొదటిది ఒక పెద్ద కంపెనీది, పేరు సులభ. పట్టీ కట్టిన పావుగంటకే మాట్లాడింది. మెదడు నుంచి కాస్త ఆనవాలు దొరికితే చాలు, మిగతా వాక్యం తనే పూర్తిచేసుకుంటుంది. "అందరికీ నమస్కారం. మీరు చూపుతున్న ఆదరణకు నా హృదయపూర్వక ధన్యవాదాలు" అని టీవీలో వార్తలు చదివినట్టు పలికింది. అంకమ్మ నోరు తెరుచుకుని మొగుడి వంక చూసింది.

"ఈయనెవురి మొగుడే?" అంది. తల్లీకూతుళ్లిద్దరూ నవ్వారు. మాలకొండయ్య నవ్వలేదు. నాలుగు రోజులూ ఇంట్లో మర్యాదస్తుడైన అతిథి ఎవరో దిగినట్టుంది. వెళ్లిపోయాక అంకమ్మ ఊపిరి పీల్చుకుంది.

రెండోదాని పేరు పలక. మాట పోయినవాళ్ల ఇళ్లలోని మనుషులే కూడబలుక్కుని రాసుకున్న సిస్టమ్. అది ఊహించదు. ఒకే మాటకి కదలిక మూడుసార్లు ఒకేలా వస్తేనే పలుకుతుంది, లేకపోతే మూగగా ఉంటుంది. మొదటి రోజంతా స్పీకరు నుంచి చప్పుడే లేదు. మాలకొండయ్య నుదుటి నరాలు ఉబ్బాయి, మెడ కింద చెమట కారింది. రెండోరోజు మధ్యాహ్నం స్పీకరు "నీళ్లు" అంది. అంకమ్మ పరుగున తెచ్చిన గ్లాసు ఆయన మొత్తం తాగాడు. తర్వాత "ఎండ" అంటే కిటికీ తలుపు మూశారు. ఇంకో రెండు మాటలు వచ్చేసరికి గడువు అయిపోయింది.

"నాలుగు రోజులకి నాలుగు మాటలు. పద్నాలుగు నెలలు ఆగానే నేను. ఇంకా ఇట్టా ఎన్నేళ్లు కూచోబెడతావు? నా వల్ల కాదమ్మా" అంది అంకమ్మ, పట్టీ విప్పుతూ.

రోహిణి పెన్‌డ్రైవ్ తీసేసింది. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషపడింది. మూడో సిస్టమ్ ఆమెదే.

దానికి ప్రయోగశాలలో నిజస్వరం అని పేరు పెట్టారు. మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పటి రికార్డింగులన్నీ దానికి వినిపిస్తారు. ఆ మనిషి పలుకుబడి, విసుర్లు, ఊతపదాలు అన్నీ నేర్చుకుంటుంది. ఆపైన కదలిక అందగానే ఆ మనిషే అయితే ఏమని ఉండేవాడో అది అంటుంది, ఆ గొంతుతోనే. నలభై రెండు కుటుంబాలు దాని విడుదల కోసం ఎదురుచూస్తున్నాయి. వచ్చే నెలలో ఇవ్వాలి.

సోమవారం గుంటూరు వెళ్లి రోహిణి తండ్రి రికార్డింగులు ఎక్కించింది. సంతకి వచ్చే కుర్రాళ్లు సరదాకి తీసి పంచుకున్న వీడియోలూ, ఫోనులో మిగిలిన వాయిస్ మెసేజీలూ కలిపి పదకొండు గంటలు. ప్రతి మాటనీ తనే విని అంతకుముందే టైపు చేసిపెట్టుకుంది. పక్క బల్ల దగ్గరి సీనియర్ ఆస్మా ఆ పట్టిక చూసి, "అన్నీ సంతలోవేనా? ఇంట్లోవి లేవా?" అని అడిగింది.

"నాన్న మాట్లాడేదే సంతలో మేడమ్. ఇంట్లో పెద్దగా మాట్లాడడు."

ఆస్మా సరేనంది. అది అంతటితో వదిలేయాల్సిన ప్రశ్న కాదని ఇద్దరికీ ఆ రోజు తట్టలేదు.

సాయంత్రం ఇంటికి తిరిగొచ్చి పట్టీ కట్టిన అయిదో నిమిషంలో, అంకమ్మ వంటింట్లో ఉండగా, ముందుగది నుంచి గొంతు వినిపించింది. "ఏమే అంకమ్మా, పొయ్యి మీద కాఫీ నీళ్లు పడేదుందా, ఇయ్యాల సంత ముగిసిపోయేదాకా ఇంతేనా?"

గరిటె చేతిలో అలాగే పట్టుకుని అంకమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. తర్వాత నేల మీద కూలబడి, ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. రోహిణి కూడా ఏడ్చింది. ఎనిమిదేళ్ల పని, అర్ధాంతరంగా వదులుకున్న సెలవులు, పోస్టుమాస్టరమ్మ ముఖం, అన్నిటికీ ఆ ఒక్క వాక్యం జవాబుగా అనిపించింది.

రెండు రోజులు ఇల్లు తిరునాళ్లయింది. వీధిలోవాళ్లు వరసగా వచ్చారు. మాలకొండయ్య ఒకడి మోటారుసైకిల్‌ని పొగిడాడు, ఒకామె మనవడి మెడ చూసి కాడికి పనికొస్తాడన్నాడు. అందరూ నవ్వారు. అంకమ్మ ఎవరికి కాఫీ ఇచ్చిందో ఎవరికి మరిచిందో కూడా చూసుకోలేదు.

మూడోరోజు వ్యాయామం చేయించే మనిషి వచ్చాడు. బిగుసుకుపోయిన కుడిచెయ్యిని భుజం దాకా లేపి, మెల్లగా వెనక్కి వంచాడు.

"నొప్పిగా ఉందా అయ్యా?" అని అడిగింది అంకమ్మ.

"నొప్పేందే. జబ్బ చూడు, రాయి. ఇయ్యాల కాడికి కట్టు, ఇంకో పదేళ్లు దున్నుతా" అంది స్పీకరు హుషారుగా.

వచ్చినతను నవ్వి ఇంకాస్త వంచాడు. అంకమ్మ నవ్వబోయి ఆగింది. మాలకొండయ్య కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం మీదికి జారుతున్నాయి. ఎడంచేత్తో కుర్చీ పట్టెని గోళ్లు దిగేలా పట్టుకుని ఉన్నాడు.

"ఆపయ్యా. చెయ్యి వదులు" అంది అంకమ్మ.

"భేషుగ్గా ఉంది, కానియ్యి" అంది స్పీకరు.

సాయంత్రం రోహిణి తండ్రి ఎదుట ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. లోపల గుబులుగా ఉన్నా గొంతు మామూలుగానే ఉంచి, "నాన్నా, మూడూ చూశావు గదా. నీకేది కావాలి?" అని అడిగింది.

"ఇంతకంటే మంచిది ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకదమ్మా. నా మాట మీద కళ్లు మూసుకుని తోలుకుపో."

వెంటనే అది ఆపేసి, సులభ పెన్‌డ్రైవ్ పెట్టి అదే ప్రశ్న అడిగింది. "ప్రస్తుత సేవ నాకు ఎంతో సంతృప్తికరంగా ఉంది" అని జవాబొచ్చింది. పలక పెట్టి అడిగితే గంటసేపు చూసినా ఏ మాటా రాలేదు. ఏదీ లేకుండా అడిగితే తండ్రి అన్నిటికీ తలూపాడు. మాట్లాడే రెండిట్లో దేన్ని అడిగితే అది తననే ఎంచుకుంటోంది. ఆయన్ని అడగడానికి ఆయన తప్ప అందరూ అడ్డం ఉన్నారు.

మూడు రోజుల నమోదుని ఆస్మాకి పంపితే పొద్దునకల్లా ఫోనొచ్చింది. "వంద మాటల్లో మీ నాన్నగారి కదలిక నుంచి వచ్చినవి నాలుగు, రోహిణీ. మిగతా తొంభై ఆరూ సిస్టమ్ అల్లుకున్నవి. ఆ నాలుగైనా ఏ మాటకి కదిలాయో దానికి తెలీదు, తను విన్న మాటలకే అతికించింది."

రోహిణి ఆ మాట తల్లికి చెప్పింది. అంకమ్మ పైటచెంగు వేలికి చుట్టుకుంది.

"నేను నిన్ననే అనుకున్నాలే. అది సంత మాట" అంది. "మీ నాయన సంతలో నోటితో చెప్పేది పదిమంది వినటానికి. ఎద్దు కుంటుతున్నా బంగారమనే అంటాడు. అది ఆయన పని. అసలు మాట నోట్లో ఉండదు, చేతిలో ఉంటది."

"చేతిలోనా?"

"తువ్వాలు కింద. ఇద్దరూ చేతులు కలుపుకుని పైన తువ్వాలు కప్పుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే అయిదు. చుట్టూ ఎంతమందున్నా ఆ ఇద్దరికే తెలుస్తది. పైన నోరు ఇంకేదో అంటానే ఉంటది."

"అది నీకెట్టా తెలుసు? ఆడవాళ్లు సంతకి పోరు గదా."

అంకమ్మ ముఖం మొదటిసారి కాస్త విచ్చుకుంది. "పెళ్లిళ్లలో పదిమందిలో కూచున్నప్పుడు నా పైట కింద చెయ్యి పెట్టి అడిగేవోడు. ఒక వేలు పడితే పోదామని, రెండు పడితే ఇంకాసేపు ఉందామని. కుడిచేత్తోనే అలవాటు. అది పడిపోయింది గదా, అదీ పోయిందనుకున్నాను. ఎడంచేత్తో అడగచ్చని ఇన్నాళ్లూ నాకు తోచనే లేదు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక రోహిణి కంప్యూటర్ ప్లగ్గు ఊడదీసింది. పట్టీ కూడా తీసేసింది. అంకమ్మ కుర్చీ పక్కన కూర్చుని, ఆయన ఎడంచేతిని తన చేతిలోకి తీసుకుని, పైన తువ్వాలు కప్పింది. మాలకొండయ్య ఆ తువ్వాలుని చూశాడు. వీపు కొంచెం నిటారుగా అయింది. కళ్లు తిప్పి కిటికీలోంచి దూరంగా ఎటో చూడసాగాడు. బేరం జరుగుతున్నంతసేపూ సంతలో ఆయన అలాగే చూసేవాడని తను విన్నట్టు అంకమ్మ తర్వాత చెప్పింది.

"మనకి పిల్లలెందరయ్యా?"

తువ్వాలు కొద్దిగా కదిలింది. "ఒకటి" అంది అంకమ్మ.

"మీ అన్నదమ్ములెందరు?"

"నాలుగు." సరైనదే.

రోహిణి మూడింటినీ ఒక్కొక్కటిగా, అవి మాట్లాడిన తీరు గుర్తుచేస్తూ చెప్పింది. టీవీ ఆయనలా మాట్లాడేది ఒకటి. ఎంతసేపటికో ఒక మాట అనేది రెండు. సంతలో నీలా మాట్లాడేది మూడు. తండ్రి మూడు పట్టుకోవాలని ఆమె ప్రాణమంతా కోరుకుంది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. తువ్వాలు కింద ఏం జరుగుతోందో ఆమెకి కనిపించదు, తల్లి ముఖమే కనిపిస్తుంది. ఆ ముఖం మెల్లగా పాలిపోయింది.

"రెండు" అంది అంకమ్మ.

ప్రయోగశాల అలవాటు కొద్దీ రోహిణి వరస మార్చి అడిగింది. ఈసారి పలక ఒకటో నంబరు. అంకమ్మ ఒకటి అంది. ఇంకోసారి మార్చి పలకని చివరికి పెట్టింది. "మూడు" అంది అంకమ్మ, అని తువ్వాలు తీసేసింది. ఆయన ఆమె మూడు వేళ్లూ గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

వంటింట్లో గిన్నెలు కడుగుతూ, తిరిగి చూడకుండా అంకమ్మ అంది. "మొదట్లోనే నేను ఇంకో లెక్క చెప్పుంటే నీకు తెలిసేదా?"

"తెలిసేది కాదమ్మా."

"చెబుదామనే అనిపించింది. ఆ గొంతు నాకు కావాల. అది అబద్ధమైనా సరే, కావాల. కానీ తువ్వాలు కింద మాట మార్చినోడి చెయ్యి ఇంకెవుడూ పట్టుకోడంట. మళ్లీ ఆయన నా చేతిలో చెయ్యి పెడతాడా?"

రోహిణి తల్లి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. తనకి తెలియకుండా ఇంత పెద్ద బరువు ఆ తువ్వాలు కింద తల్లి ఒక్కతే మోసిందని సిగ్గేసింది.

ఆ సాయంత్రమే ఆస్మాకి రాసింది. నిజస్వరం విడుదల చేయవద్దు, అది మనిషి గొంతుతో మనిషి నోరు నొక్కుతోంది, నలభై రెండు ఇళ్లకీ నేనే వెళ్లి చెప్తాను. రాసి, ఇంకోసారి చదువుకుని పంపింది. జవాబుగా ఆస్మా, "నేనూ వస్తాను" అని ఒక్క ముక్క రాసింది.

మర్నాడు పలకని బోర్డు మీదికి ఎక్కించడానికి సిద్ధం చేసింది. ఎక్కించాక మార్చడం కుదరదు, కొనసాగించాలా అని తెర అడిగింది. రోహిణి వేలు కీ మీద ఆగిపోయింది.

"అమ్మా, ఆ గొంతు చివరిసారి ఒకసారి వింటావా? ఇప్పుడైతే వీలవుతుంది."

అంకమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు. అది విన్నానంటే ఈయన మాట కోసం ఆగలేను."

రోహిణి కీ నొక్కింది.

తర్వాతి రోజులు చెప్పుకోవడానికి ఏమీ లేనివి. నీళ్లు, ఎండ, చెయ్యి, వద్దు. ఒక్కోరోజు అవీ లేవు. వీధిలోవాళ్లు రెండుసార్లు వచ్చి, ఏమీ వినిపించక, మూడోసారి రావడం మానేశారు. మంచి మిషను ఇంట్లో పెట్టుకుని పాడుచేసుకున్నారని ఒకామె అంది. పట్టీ కట్టడం, తడిసిన మెడ తుడవడం, ఎదురుగా కూర్చోవడం, ఇవే అంకమ్మ దినచర్య అయ్యాయి. కూర్చున్నంతసేపూ ఏదో ఒక పని చేతిలో పెట్టుకునేది, తను ఎదురుచూస్తున్నట్టు ఆయనకి అనిపించకూడదని.

ఇరవై మూడో రోజు శనివారం. రోహిణి గుంటూరు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. అంకమ్మ చేటలో అలచందలు పోసుకుని రాళ్లేరుతోంది. స్పీకరు పలికింది.

"భయం."

అంకమ్మ చేతులు ఆగాయి. "ఏందయ్యా?"

మాలకొండయ్య నుదురు చిట్లించాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. చాలాసేపటికి అదే మాట మళ్లీ వచ్చింది. "భయం."

రోహిణి పెరటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆ పదకొండు గంటల రికార్డింగుల్లో ప్రతి మాటా ఆమె తన చేత్తో టైపు చేసింది. మొనగాడు ఉంది, బంగారం ఉంది, కళ్లు మూసుకుని తోలుకుపో ఉంది. భయమన్న మాట ఒక్కసారి కూడా లేదు. నిజస్వరం పెట్టి ఉంటే ఇంకో పదేళ్లు బతికినా తండ్రి దాన్ని అనగలిగేవాడు కాదు. అందరూ నవ్వుతూ చుట్టూ కూర్చుని ఉండగా, లోపల ఆ మాటతోనే ఒంటరిగా వెళ్లిపోయేవాడు.

అంకమ్మ చేట పక్కన పెట్టింది. లేచి వచ్చి, కుర్చీని ఆనుకుని నేల మీద కూర్చుంది. మొగుడి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. పైన ఏమీ కప్పలేదు.

"నాక్కూడానయ్యా" అంది. "నువ్వు పడిపోయినప్పట్నుంచీ. ఎవురికీ చెప్పలేదు."